నేను డాక్టర్ను గాదు

పోయిన నెల మా అమ్మాయిని మళ్లీ ఒకసారి పరీక్ష చేయించడానికి పేట్ బషీరాబాద్‌లోని పిల్లల సెంటరుకు తీసుకెళ్లాం. తొమ్మిదేళ్లు నిండాయి కాబట్టి ఇప్పటికి ఎంతవరకు వచ్చిందో, బడిలో ఇంకా ఏ సాయం కావాలో చూసి కాగితం రాసిస్తామన్నారు. లోపలికి పిలిచే ముందు నాలుగు పేజీల ఫారం చేతిలో పెట్టారు. ఎన్నో నెలలో బోర్లా పడింది, ఎప్పుడు నడిచింది, మొదటి మాట ఏమిటి. నా భార్య గబగబా రాస్తూ పోయింది. మూడో పేజీలో ఒక ప్రశ్న దగ్గర ఆగి పెన్ను నాకిచ్చింది. పాపలో తేడా ఉందని మొదట గమనించింది ఎవరు, వారు పాపకు ఏమవుతారు అని ఉంది.

అంగన్‌వాడీ టీచర్ అని రాశాను. ఏమవుతారు అన్న చోట ఏం రాయాలో తోచక చిన్న గీత గీసి ఊరుకున్నాను.

ఆమె పోయి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ ఆమె గురించి ఇల్లు దాటి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు తిరిగొస్తుంటే దారి పొడుగునా ఆమే గుర్తొచ్చింది.

మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్యన ఉన్న ఊరు. నా చిన్నప్పుడు చుట్టూ జొన్న చేలు, ద్రాక్ష తోటలు ఉండేవి. ఇప్పుడు చేలలో తెల్ల రాళ్లు పాతి ఉన్నాయి. ఆ రాళ్లు పాతించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా నాయిన వ్యవసాయం చేశాడు, నేను ప్లాట్ల వ్యాపారం చేస్తాను. ఊళ్లో పెద్ద ఇల్లు మాది. ముందు వైపు రోడ్డుకు ఆనుకుని ఉన్న గదిని మా నాయిన ఎప్పుడో అంగన్‌వాడీకి ఇచ్చాడు. ఆమె అందులో ముప్ఫై ఏళ్లు పిల్లలతో గడిపింది. ఊరంతా ఆమెను టీచరమ్మ అనే పిలిచేది. అసలు పేరు ఓటరు జాబితాలో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది ఆమె కూర్చునే తీరు. ఎవరింటికి వెళ్లినా, కుర్చీ వేస్తే దాన్ని పక్కకు జరిపి నేల మీదే కూర్చునేది. మోకాళ్ల నొప్పులు. కూర్చోవడం ఒక పని, లేవడం అంతకన్నా పెద్ద పని. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి మోకాలికి ఆనించి, గదిలో ఎవరూ లేకపోయినా సరే, "లేస్తున్న, జరుగుండ్రి" అని బస్సు కండక్టరులా చెప్పి లేచేది.

"కుర్చీల కూసుంటే ఏమైతది టీచరమ్మా, గింత తిప్పలెందుకు?" అని మా అమ్మ ఒకసారి అడిగింది.

"పిల్లల మొఖాలు కిందుంటయ్ గద పటేలమ్మా. పైనుంచి చూస్తే నెత్తులే కనబడ్తయ్."

ఇంకొకటి ఆమె మాట. పిల్లల గురించి ఏం చెప్పాలన్నా ముందు "నేను డాక్టర్ను గాదు" అనేది. నేను డాక్టర్ను గాదు గని, పిల్లగాడు సన్నబడ్డడు. నేను డాక్టర్ను గాదు గని, గా పొక్కులు ఒకసారి చూపెట్టుండ్రి. చివరికి అది ఎంత అలవాటైందంటే, మబ్బు పట్టిన రోజు గడపలో నిలబడి, "నేను డాక్టర్ను గాదు గని, ఇయ్యాల వాన వస్తది" అనడం నేను విన్నాను. ఊళ్లో కుర్రాళ్లు ఆ మాటను వెక్కిరించేవాళ్లు. మొదట్లో నేనూ నవ్వాను.

మా పాప సహస్రకు రెండేళ్లు దాటి నాలుగైదు నెలలైన రోజులవి. పాప చక్కగా ఉండేది, బొద్దుగా. ఏడ్చేది కాదు, ఎత్తుకోమని అడిగేది కాదు. సీసా మూతలు ఇస్తే గంటల తరబడి వరస పేర్చుకునేది. మంచి పిల్ల అని మేం మురిసిపోయాం. అంతకుముందు వచ్చిన అత్త, తాత అనే రెండు మాటలు ఎప్పుడు మాయమయ్యాయో మాకు తెలియలేదు. మాటలు లేటయితే లేటయితాయి, మా మేనమామకు నాలుగేళ్లకు వచ్చాయి అని మా అమ్మ తేల్చేసింది.

నెలకోసారి పిల్లల బరువు చూడటానికి టీచరమ్మ త్రాసు పట్టుకుని ఇంటింటికీ వచ్చేది. ఆ రోజు మధ్యాహ్నం నేను కీసర దగ్గర స్థలం చూసి వచ్చిన ఇద్దరిని వరండాలో కూర్చోబెట్టి మాట్లాడుతున్నాను. లోపల హాల్లో ఆమె పాప వెనక నేల మీద కూర్చుంది. "సహస్రా" అని పిలిచింది. కొంచెం ఆగి మళ్లీ పిలిచింది. అలా నాలుగు సార్లు. తర్వాత మాట్లాడకుండా సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి కవరు చప్పుడు చేసింది. పాప గిరుక్కున తిరిగింది. వరండాలోంచి ఇదంతా నాకు కనబడుతూనే ఉంది. ఏదో ఆట అనుకున్నాను.

ఆమె నా భార్యతో మెల్లగానే చెప్పింది. హాలుకూ వరండాకూ మధ్య తలుపు లేదు కాబట్టి అందరికీ వినపడింది.

"నేను డాక్టర్ను గాదు. సూసింది చెప్తున్న. చెవులు మంచిగనే ఉన్నట్టున్నయ్. పేరు పెట్టి పిలిస్తే మాత్రం తిరుగుతలేదు. కుక్కను చూపెడితే నా వేలు చూస్తాంది, కుక్కను చూస్తలేదు. పట్నంల పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్లు ఉంటరు. ఒకసారి తీస్కపోండ్రి."

స్థలం కొనడానికి వచ్చిన ఇద్దరూ తలలు వంచుకున్నారు. నాకు ఒళ్లు మండింది. లోపలికి వెళ్లి అడిగాను.

"ఏంది టీచరమ్మా, మా బిడ్డకు పిచ్చి అంటున్నవా?"

ఆమె కింద కూర్చునే తలెత్తి నన్ను చూసింది. "గా మాట నేను అనలే పటేలా. నువ్వన్నవ్."

ఆ తర్వాతి వారం గది ఖాళీ చెయ్యమన్నాను. మా ఆఫీసుకు కావాలని కారణం చెప్పాను. ఆఫీసుకు మేడ్చల్‌లో అంతకన్నా మంచి గది ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె ఎవరి దగ్గరికీ వెళ్లి మొర పెట్టుకోలేదు. ఆయాతో కలిసి చాపలు, రేకు పెట్టె, కోడిగుడ్ల అట్టలు, పలకలు అన్నీ సర్కారు బడి వరండాలోకి చేర్చింది. పిల్లలు తలా ఒక బొమ్మ పట్టుకుని ఆమె వెనకాల నడిచారు. అన్నీ అయ్యాక గడప దగ్గర నిలబడి నాకు తాళం చెవి ఇచ్చింది.

"గది ఊడ్చిన. పై నెల బరువు చూడనీకె వస్త. పాపను ఎటూ పంపకుండ్రి."

అన్నట్టే పై నెల వచ్చింది. తర్వాత నెల కూడా. ఆమె వచ్చే రోజు నేను ఇంట్లో లేకుండా చూసుకునేవాణ్ణి. ఇంట్లో ఛాయ్ ఇస్తే వద్దు, మంచినీళ్లు చాలు అనేదట. మళ్లీ డాక్టరు మాట ఎత్తలేదట. పాప పక్కన కాసేపు కూర్చుని, నోటుబుక్కులో ఏదో రాసుకుని, లేస్తున్న జరుగుండ్రి అని వెళ్లిపోయేదట.

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో పాప నాలుకకు తేనె రాశాం. తాయెత్తు కట్టాం. కీసరగుట్టకు వెళ్లి మొక్కుకున్నాం. చెయ్యనిది ఒక్కటే, ఆమె చెప్పింది.

మేడ్చల్‌లో మా దగ్గరి చుట్టాల పెళ్లి జరిగింది. హైవే పక్కనే ఫంక్షన్ హాలు. పొద్దున పదకొండు ముహూర్తం. బ్యాండు వాళ్లు హాల్లోకే వచ్చి వాయించడంతో పాప చెవులు మూసుకుని కూర్చుంది. నా భార్య అక్షింతలు వేసి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

ముందు వంటల దగ్గర వెతికాం. తర్వాత కార్ల మధ్య. తర్వాత నేను గేటు దాటి హైవే మీదికి పరుగెత్తాను. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. రోడ్డు అవతల ఎర్ర రంగు ఏది కనబడినా పాప గౌనే అనిపించింది. ఎవరో మైకు తీసుకుని, "సహస్ర అనే పాప తప్పిపోయింది, సహస్రా, ఎక్కడున్నా స్టేజీ దగ్గరికి రావాలె" అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ పేరు హాలంతా, బయట చెట్ల దాకా మోగుతోంది.

హాలు వెనక గోడ పక్కన దొరికింది. నేలమీద కూర్చుని కూల్‌డ్రింకు మూతలు ఏరుకుని వరస పేరుస్తోంది. పాప తలకు సరిగ్గా పైన, గోడకు, లౌడ్‌స్పీకరు ఉంది. అందులోంచి సహస్రా, సహస్రా అని పిలుపు వస్తూనే ఉంది. పాప ఒక మూత తీసి ఇంకో మూత పక్కన పెట్టింది. తల ఎత్తలేదు.

నేను పరుగున వెళ్లి ఎత్తుకోవాల్సింది. లౌడ్‌స్పీకరు వైపు చూస్తూ నిలబడ్డాను. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతలేదు అన్న మాట అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది, అంత పెద్ద శబ్దం కావాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున బడి వరండాకు వెళ్లాను. ఆమె పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతోంది. నన్ను చూసి కూడా చేతిలో ఉన్న గుడ్డు పూర్తిగా ఒలిచింది. ఇంటి దగ్గర చాలా మాటలు అనుకుని వచ్చాను.

"పాపను చూపెడ్త టీచరమ్మా," అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "బస్సుల పోదామా, నీ కారుల పోదామా?"

అంతే. 'నేను ముందే చెప్పిన' అని ఆమె అనలేదు. మా సొంతవాళ్లలో ఆ మాట అనకుండా ఉండగలిగిన మనిషి ఒక్కరు కూడా లేరు. మా అమ్మ కూడా తర్వాత, 'నేను ముందే అనుకున్న' అన్నది.

గురువారం ఆమె సెలవు పెట్టింది. శామీర్‌పేట మీదుగా సికింద్రాబాద్ వైపు వెళ్లాం. సర్కారు దవాఖానాలో పిల్లల ఎదుగుదల చూసే విభాగం. వెనక సీట్లో పాప, నా భార్య, టీచరమ్మ. ముందు చెవుల పరీక్ష చేశారు. వినికిడి బాగుందన్నారు. తర్వాత ఒక డాక్టరమ్మ బొమ్మలున్న గదిలోకి తీసుకెళ్లింది. రంగు దిమ్మెలు, బొమ్మ టీకప్పులు. సబ్బు బుడగలు ఊదింది, ఊదడం ఆపి ఎదురు చూసింది. పాప ఇంకా కావాలని ఎవరి మొఖం వైపూ చూడలేదు. బుడగల డబ్బా ఉన్న చేతిని, అది ఒక మనిషి చెయ్యి కానట్టు, పట్టుకుని లాగింది.

తర్వాత మమ్మల్ని ప్రశ్నలు అడిగింది. ఏదైనా కావాలంటే వేలితో చూపిస్తుందా? మీరు బయటికి వెళ్లొస్తే ఏం చేస్తుంది? మేమిద్దరం తడబడ్డాం. నేను ఒకటి చెబితే నా భార్య ఇంకొకటి చెప్పింది. మాకు పాప మీద ప్రేమ ఉంది, గమనించింది మాత్రం తక్కువ. అప్పుడు గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్న టీచరమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది.

డాక్టరమ్మ పేజీలు తిప్పుతూ చాలాసేపు చదివింది.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనే. నేను డాక్టర్ను గాదు మేడం. సూసింది రాసిన."

డాక్టరమ్మ ఆ పుస్తకాన్ని నా ముందుకు జరిపింది. ప్రతి నెలా రాసి ఉంది, వంకర టింకర అక్షరాల్లో. 'పిలిస్తే తిరగలేదు. బిస్కెట్ చప్పుడుకు తిరిగింది.' 'చెప్పు తొడగబోతే ఏడ్చింది, కాలి కింద ఇసుక ఉంటే కూడా ఏడ్చింది.' 'వాళ్ల అమ్మ వంటింట్లోకి పోతే తలుపు దాకా పోయి చూసింది. మంచిది.' నేను గది ఖాళీ చేయించిన రోజు తేదీ వెతికాను. దాని కింద గది సంగతి లేదు. 'ఇయ్యాల సామాను మోస్తుంటే గడప దాకా వచ్చింది. నా కొంగు పట్టుకుని నిలబడ్డది, ఒక నిమిషం' అని ఉంది.

ఆటిజం అన్నది డాక్టరమ్మ. మందుతో తగ్గే జబ్బు కాదని, పాప మెదడు లోకాన్ని వేరే తీరుగా చూస్తుందని, నేర్పితే నేర్చుకుంటుందని, ముందు మేము నేర్చుకోవాలని నిదానంగా వివరించింది. మాట్లాడుతదా మేడం అని నా భార్య అడిగింది. ఎంతవరకో ఇప్పుడే చెప్పలేను, మొదలుపెడదాం అన్నది.

తిరుగు దారిలో తూంకుంట దాటాక నేను అద్దంలోకి చూసి, "టీచరమ్మా, ఆ గది సంగతి..." అని మొదలుపెట్టాను.

"బండి ఆపు పటేలా," అన్నది. ఆపాను. ఆమె దిగి, రోడ్డు పక్క కిరాణా దుకాణంలో ఒక పొట్లం పుట్నాలు కొనుక్కుని వచ్చి కూర్చుంది. "ఇగ పో. రేపటి నుంచి నాలుగు దాటినంక వస్త. పాపకు ఆకలి కానియ్యిండ్రి, ముందుగల ఏం పెట్టకుండ్రి."

గది సంగతి మళ్లీ ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత ఒకసారి గది తిరిగి తీసుకొమ్మని మా అమ్మతో చెప్పించాను. వరండాల గాలి మంచిగొస్తాంది, పిల్లలకు అలవాటైందని చెప్పి పంపింది. ఆమెకూ పౌరుషం ఉండేది. ఉండటం నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

మర్నాటి నుంచి ఆ సాయంత్రాలు మొదలయ్యాయి. వారానికి మూడు రోజులు పాపను థెరపీకి తీసుకెళ్లేవాళ్లం. అక్కడ చెప్పింది ఇంటి దగ్గర ఆమె చేయించేది. హాల్లో చాప మీద పాపకు ఎదురుగా కూర్చుని, పుట్నాల డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒక్క గింజ తీసి తన కంటి దగ్గర పట్టుకునేది. పాప చెయ్యి చాపేది. ఇచ్చేది కాదు. పాప ఆ గింజ వైపు చూసి, పొరపాటున ఆమె కళ్లలోకి చూస్తే, ఆ క్షణంలో ఇచ్చేసేది. మళ్లీ ఇంకో గింజ. ఒక్కోరోజు అరగంటకు నాలుగు గింజలు ఇచ్చేది. పాప ఏడ్చి దొర్లేది. మా అమ్మ చూడలేక, ఆ డబ్బా మొత్తం ఇచ్చెయ్యరాదా అని విసుక్కునేది.

"డబ్బా ఇస్తే డబ్బాతోటి దోస్తీ చేస్తది పటేలమ్మా. నాతోటెందుకు చేస్తది?"

ఏడుస్తున్న పిల్ల ముందు ఆమె ఓదార్చేది కాదు, కోప్పడేది కాదు. తల కొంచెం పక్కకు వాల్చి చూస్తూ కూర్చునేది. ఎవరికోసమో బస్టాండులో కూర్చున్న మనిషి అలా కూర్చుంటుంది, రాక తప్పదన్న నమ్మకంతో. నాకు ఇప్పుడు కావాలనిపించేది ఆ చూపు. థెరపీ వాళ్లు మంచివాళ్లు, డాక్టర్లు తెలిసినవాళ్లు, కానీ గడియారం చూడకుండా మా పాపను అలా చూసినవాళ్లు ఇంకెవరూ తగల్లేదు.

ఒకరోజు ఆమె పక్కన ఛాయ్ కప్పు ఉండటం చూశాను. ఆమె మా ఇంట్లో ఛాయ్ తాగుతోందని ఆశ్చర్యపోయి లోపలికి వెళ్లి నా భార్యతో చెప్పాను. "నాలుగు నెల్లయితాంది," అన్నది ఆమె. "నువ్వు చూడలే."

పాపకు అయిదో ఏడు నడుస్తుండగా మాట వచ్చింది. పుట్నాల గింజ కంటి దగ్గర పట్టుకుని ఉంది ఆమె. పాప ఆమె మొఖం వైపు చూసి, "ఇయ్యి" అన్నది. గుమ్మంలోంచి నేను, వంటింటి తలుపు దగ్గర నుంచి నా భార్య ముందుకు అడుగేశాం. టీచరమ్మ మా వైపు తిరగకుండానే ఒక చెయ్యి ఎత్తి ఆగమన్నది. "ఇస్తున్న, తీస్కో" అని, అంగట్లో బేరం చేసినంత మామూలుగా, గింజ చేతిలో పెట్టింది. తర్వాత మమ్మల్ని చూసి, "సప్పట్లు కొట్టకుండ్రి. చెవులు మూసుకుంటది, ఇంకోసారి అనదు," అన్నది. ఆమె గొంతు వణికిందేమో అని నేను చెవి పెట్టి విన్నాను. వణకలేదు. కానీ ఆ రోజు లేవడానికి గోడ అందలేదు. నా చెయ్యి పట్టుకుని లేచింది.

అన్నీ అలా కుదిరాయని కాదు. పెద్ద బడి ఒకటి మా పాపను చేర్చుకోలేమన్నది. ఏడాది పాటు పాప రోజూ బట్టలు చింపుకునేది. నేను ఒకసారి కారులో కూర్చుని స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే టీచరమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కాసేపయ్యాక, "పెద్ద బడి దూరమున్నది, మన బడి దగ్గరున్నది. రేపు పెద్దసారుతోటి మాట్లాడ్త," అన్నది. పాపను ఊళ్లో సర్కారు బడిలోనే చేర్చాం. వారానికి రెండు రోజులు ఇలాంటి పిల్లలకు చెప్పే టీచరు వస్తుంది. ఆ వరండాలోంచి టీచరమ్మ గొంతు వినబడుతుంటే పాప క్లాసులో కుదురుగా కూర్చునేదని పెద్దసారు చెప్పాడు.

ఈలోగా ఆమె నన్ను పనిలో పెట్టుకుంది. "పటేలా, బుధవారం నీ కారు కావాలె," అనేది. జవహర్‌నగర్ వైపు కాలనీలో కూలి పని చేసుకునే ఒక ఇంటి పాప మూడేళ్లయినా నడవడం లేదని ఎవరో చెప్పారట. ఆ తల్లినీ పాపనూ తీసుకుని దవాఖానాకు వెళ్లాం. ఆ తర్వాత ఇంకొకరు. డాక్టరుకు చూపించడానికి తండ్రులు ఒప్పుకోని ఇళ్లకు నన్ను ముందుపెట్టి తీసుకెళ్లేది. నేనెందుకు టీచరమ్మా, నువ్వు చెప్పొచ్చు గదా అని ఒకసారి అన్నాను.

"నువ్వు చెప్తే ఇంటరు. నేను చెప్తే గది ఖాళీ చేయిస్తరు."

నవ్వకుండా అన్నది. ఆ సంగతి ఆమె నోట విన్నది ఆ ఒక్కసారే.

నీకు ఈ పిల్లల సంగతి ఎట్ల తెలుసు అని ఒక ప్రయాణంలో అడిగాను. ఆమె ఇంట్లో ఏదో కథ ఉండి ఉంటుందని, ఎవరో బిడ్డ ఇలాగే ఉండేదని చెబుతుందని అనుకున్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "మూడు రోజులు ట్రైనింగ్ పెట్టిండ్రు పటేలా. రెండు రోజులు నిద్రొచ్చింది. మూడో దినం ఒక మేడం వచ్చి, పిల్ల మంచిగున్నదని ఊకోకుండ్రి, పిలిచి చూడుండ్రి అన్నది. అదొక్కటి యాదికున్నది."

అంతే కథ. నాకు మొదట నిరాశ కలిగింది. తర్వాత ఆలోచిస్తే, ఆ ట్రైనింగులో ఎంతమంది కూర్చుని ఉంటారో, ఎంతమంది వెళ్లి పిలిచి చూసి ఉంటారో అనిపించింది.

పోయినేడు వానకాలం మొదట్లో, ఒక పొద్దున ఇంటి ముందు ఊడుస్తూ కూలబడిపోయింది. మేడ్చల్ దవాఖానాకు చేరేలోపే పోయింది. నేను కీసరలో ఉన్నాను, వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె మొఖం చూశాను. కుర్చీలు వేసి ఉన్నాయి, నేను వాటిలో కూర్చోలేకపోయాను. పాపను తీసుకెళ్లలేదు. జనం, డప్పులు, తట్టుకోలేదనుకున్నాం.

ఆ సాయంత్రం నాలుగు దాటగానే పాప చాప తెచ్చి హాల్లో పరిచింది. నా దగ్గరికి వచ్చి అడిగింది. "టీచరమ్మ?"

ఇలాంటి పిల్లలకు సాగదీసి చెప్పకూడదని, ఊరికి పోయింది, దేవుడి దగ్గరికి పోయింది అంటే తిరిగొస్తుందని ఎదురు చూస్తారని థెరపీ ఆమె ఫోనులో చెప్పింది. నేను చాప మీద పాప ఎదురుగా కూర్చున్నాను. "టీచరమ్మ చనిపోయింది బిడ్డా. ఇగ రాదు," అన్నాను. పాప కాసేపు చూసి చాప చుట్టేసింది.

మర్నాడు నాలుగింటికి మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. ఆ మర్నాడు మళ్లీ. ఊళ్లో అందరూ ఆమె చనిపోయిందని ఒక్కసారి విన్నారు, పదో రోజుకు అలవాటు పడ్డారు. నేను ప్రతి సాయంత్రం ఆ మాట నా నోటితో చెప్పాల్సి వచ్చింది. నా భార్య చెప్పలేనన్నది, మా అమ్మ చెప్పలేనన్నది. నేను ప్లాట్ల దగ్గర ఉన్నా, మేడ్చల్‌లో ఉన్నా, నాలుగు లోపు ఇంటికి వచ్చేవాణ్ణి. గొంతు తగ్గించి, తొందరపడకుండా, పాప మొఖంలోకి చూసి చెప్పేవాణ్ణి. వానలు పోయాయి, దసరా పోయింది, చలికాలం వచ్చింది.

సంవత్సరం తిరిగే ముందు ఒకరోజు పాప అడగలేదు. నాలుగైంది, నాలుగున్నర అయింది. ఇడ్లీ గిన్నె ముందు పెట్టుకుని తింటోంది. మర్చిపోయిందేమో, రేపడుగుతుంది అనుకున్నాను. మర్నాడూ అడగలేదు. మూడో రోజు కూడా. రోజూ భారంగా చెప్పిన ఆ ఒక్క ముక్కే, ఆ మనిషి మా ఇంట్లోకి వచ్చే చివరి దారి అని నాకు అప్పుడు తెలిసింది. నాలుగో రోజు ఉండబట్టలేక నేనే వెళ్లి పాప ఎదురుగా కూర్చున్నాను.

"బిడ్డా, టీచరమ్మ?" అని అడిగాను.

పాప ఇడ్లీ ముక్క గిన్నెలో పెట్టింది. నా కళ్లలోకి చూసింది.

"రాదు," అన్నది. గొంతు తగ్గించి, తొందరపడకుండా.